మూత వేసేలోపే తేల్చుకోవాల్సిన లెక్క

*సెప్టిక్ ట్యాంకుకు ఎంతవుతుంది? ఇల్లు కట్టే ప్రతి కుటుంబం మేస్త్రిని అడిగే ప్రశ్న ఇది. మేస్త్రి చెప్పేది కట్టుబడి ఖర్చు మాత్రమే. బోరు నీళ్లు, రెండు మూడేళ్లకోసారి వచ్చే బండి, గుంత దగ్గర పనిచేసే మనిషి ప్రాణం... ఇవన్నీ కలిస్తేనే అసలు ఖర్చు.*

సొంతిల్లు కట్టుకునేటప్పుడు టైల్స్ కోసం నాలుగు షాపులు తిరుగుతాం. సింహద్వారానికి టేకు పెట్టాలా, వేప చాలా అని ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటాం. వంటగది బండ రంగు నచ్చకపోతే వెనక్కి పంపిస్తాం. సెప్టిక్ ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మేస్త్రి చూసుకుంటాడులే" అంటాం. అప్పటికి చేతిలో డబ్బు అయిపోవస్తుంది, గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడుతుంది. మిగిలిన స్థలంలో, మిగిలిన ఇటుకలతో, మిగిలిన డబ్బుతో ఆ గుంత కట్టించేస్తాం.

ఇంట్లో మిగతా ఏ పని సరిగ్గా లేకపోయినా కంటికి కనిపిస్తుంది, సరిచేసుకోవచ్చు. దీనిమీద స్లాబ్ పడి, ఆపైన మట్టి, టైల్స్ పడ్డాక లోపల ఏముందో ఎవరికీ తెలియదు. తెలిసే రోజుకు బాత్‌రూమ్‌లో నీళ్లు వెనక్కి తన్నుతుంటాయి, లేదా బోరు నీళ్లు వాసన వేస్తుంటాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాల్లో పైపు ద్వారా మురుగు వ్యవస్థకు కలిసినవి 33 శాతం లోపే. సెప్టిక్ ట్యాంకు మీద ఆధారపడినవి 38 శాతం. మన జిల్లా కేంద్రాల్లోనూ, హైదరాబాద్, విజయవాడ, విశాఖ శివార్ల కొత్త వెంచర్లలోనూ భూగర్భ డ్రైనేజీ ఇంకా రాని వీధులు ఎన్నో ఉన్నాయి. ఆ వీధుల్లో ఇల్లు కట్టే ప్రతివారూ తమకు తెలియకుండానే ఒక చిన్న మురుగుశుద్ధి కేంద్రానికి యజమానులవుతున్నారు. దాన్ని నడిపే ఖర్చు, బాధ్యత ఆ ఇల్లు ఉన్నన్నాళ్లూ వాళ్లవే.

నిండని ట్యాంకు మంచిది కాదు

"మేం కట్టిన ట్యాంకు ఇరవై ఏళ్లైనా నిండదండీ." ఈ మాట విని సంతోషించే ఇంటివాళ్లే ఎక్కువ. నిజానికి అది విని భయపడాలి.

సరిగ్గా కట్టిన సెప్టిక్ ట్యాంకు వాడకం మొదలైన కొద్ది రోజులకే నీళ్లతో నిండిపోతుంది. ఎప్పుడూ నిండుగానే ఉంటుంది కూడా. మరుగుదొడ్డి నుంచి వచ్చింది లోపల నిలకడగా ఉండటంతో బరువైనది అడుగున మడ్డిలా పేరుకుంటుంది. నూనె, జిడ్డు లాంటివి పైన తెట్టులా కడతాయి. మధ్యలో కాస్త తేరిన నీరు ఉంటుంది. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు అడుగున ఉన్న మడ్డిని నెమ్మదిగా కరిగిస్తాయి. కొత్త నీళ్లు ఎన్ని వస్తే, మధ్య పొరలోని నీళ్లు అన్ని బయటికి పోతాయి. అలా పోయిన నీరు ఇంకుడు గుంతలో దిగి, మట్టిలో వడకట్టుకుంటూ భూమిలో కలుస్తుంది. అంటే శుద్ధిలో సగం పని ట్యాంకుది, మిగతా సగం నేలది. ట్యాంకులోంచి వచ్చే నీరు తేటగా కనిపించినా అందులో రోగాలు తెచ్చే క్రిములు చాలావరకు అలాగే ఉంటాయి. అందుకే ఆ నీటిని వీధి కాలువలోకి వదలకూడదు.

మరి ఏళ్ల తరబడి నిండని ట్యాంకు అంటే ఏమిటి? దానికి అడుగున కాంక్రీటు లేదు, లేదా గోడలకు సరైన ప్లాస్టరింగ్ లేదు. లోపలికి వెళ్లిందంతా ఏ శుద్ధీ లేకుండా భూమిలోకి కారిపోతోంది. సిమెంటు ఒరలు నాలుగు దింపి, అడుగు వదిలేసి, పైన మూత పెట్టి దాన్నే సెప్టిక్ ట్యాంకు అనడం ఊళ్లలోనూ పట్టణాల్లోనూ మామూలైపోయింది. అది చవక గనకే కడుతున్నారు. ఆ చవకకు తగ్గ మూల్యం ఇంటి బోరు, పక్కింటి బోరు చెల్లిస్తాయి.

ఎంత ట్యాంకు కావాలి?

సెప్టిక్ ట్యాంకుల నిర్మాణానికి భారతీయ ప్రమాణం ఉంది. దాని సంఖ్య ఐఎస్ 2470. మొదటి భాగం ట్యాంకు గురించి, రెండో భాగం ట్యాంకు నుంచి బయటికొచ్చే నీటి గురించి. దాని ప్రకారం ఎంత చిన్న ఇంటికైనా ట్యాంకు కనీసం 1,000 లీటర్లు పట్టాలి. వెడల్పు 75 సెంటీమీటర్లకు, నీటి లోతు ఒక మీటరుకు తగ్గకూడదు. పొడవు వెడల్పుకు రెండు నుంచి నాలుగు రెట్లు ఉండాలి. పొడవు ఎక్కువ ఉంటే నీరు నెమ్మదిగా సాగుతుంది, మడ్డి కిందికి దిగడానికి వ్యవధి దొరుకుతుంది. నలుచదరపు గుంత, గుండ్రటి ఒరల గుంత ఇందుకు అంతగా పనికిరావు.

ఐదుగురున్న ఇంటికి సుమారు 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల నీటి లోతు సరిపోతాయి. పదిమందికి ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల నీటి లోతు. రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయిస్తామన్న లెక్క మీద, ప్రధానంగా మరుగుదొడ్డి నీళ్ల కోసం వేసిన కొలతలివి. నీటి మట్టంపైన స్లాబ్ కిందివరకు మరో అడుగు ఖాళీ వదలాలి.

స్నానాల నీళ్లు, వాషింగ్ మెషీన్ నీళ్లు, వంటింటి నీళ్లు కూడా అందులోకే వదిలితే ఈ కొలతలు చాలవు. నీళ్లు లోపల కనీసం ఒక రోజైనా నిలవాలి. వాషింగ్ మెషీన్ ఒక్కసారిగా వదిలే నీళ్ల ఉరవడికి అడుగునున్న మడ్డి లేచి ఇంకుడు గుంతలోకి కొట్టుకుపోతుంది. అందుకే వీలైతే ఆ నీళ్లకు వేరే పైపు, వేరే ఇంకుడు గుంత పెట్టించుకోవాలి. అలా చేస్తే ట్యాంకు చిన్నదిగా కట్టుకోవచ్చు, ఖర్చూ తగ్గుతుంది. డాబా మీది వాన నీళ్లను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ట్యాంకులోకి కలపకూడదు.

మరోవైపు, "పెద్దది కడితే మళ్లీ చూసుకోనక్కర్లేదు" అని నలుగురున్న ఇంటికి పదడుగులు పొడవు, ఎనిమిదడుగులు లోతు తవ్వించే వాళ్లూ ఉన్నారు. ట్యాంకు ఎంత పెద్దదైనా మడ్డి పేరుకోక మానదు. అదనంగా పెట్టిన డబ్బు ఖాళీ చేయించే పనిని వాయిదా వేస్తుందే కానీ తప్పించదు.

రూపాయల లెక్క

ధరలు ఊరికో తీరు. సామాను పరిమాణం మాత్రం ఎక్కడైనా ఒకటే. పై అంతస్తు, కింది అంతస్తు కలిపి పదిమంది ఉండే ఇంటికి లోపలి కొలతలు 7 x 3 అడుగులు, మొత్తం లోతు ఐదున్నర అడుగులు ఉన్న ట్యాంకును తీసుకుందాం. ఇందులో సుమారు 2,600 లీటర్ల నీరు పడుతుంది. 2,000 లీటర్లు దాటితే మధ్యలో అడ్డుగోడ కట్టి రెండు గదులు చేయాలి. మొదటి గది రెండో దానికి రెట్టింపు ఉండాలి.

- తవ్వకం: పని చేసుకోవడానికి చుట్టూ చోటు కలుపుకుని 450 ఘనపుటడుగుల దాకా. అంటే నాలుగైదు ట్రాక్టర్ల మట్టి. మెత్తటి నేలలో జేసీబీకి రెండు మూడు గంటల పని.
- ఇటుకలు: 9 అంగుళాల గోడకు, అడ్డుగోడకు కలిపి 1,350 నుంచి 1,400.
- సిమెంటు: అడుగు కాంక్రీటు, కట్టుబడి, లోపలా బయటా ప్లాస్టరింగ్, పైస్లాబ్ కలిపి 18 నుంచి 20 బస్తాలు.
- ఇనుము: పైస్లాబ్‌కు 8 ఎంఎం కడ్డీ 20 నుంచి 25 కిలోలు.
- ఇసుక, కంకర, పీవీసీ పైపులు, రెండు 'టీ'లు, గాలి పైపు, రెండు మ్యాన్‌హోల్ మూతలు.
- మేస్త్రి, కూలీలు: మూడు నాలుగు రోజుల పని, ఆపైన నీళ్లతో తడపడం.
- ఇంకుడు గుంత: నాలుగడుగుల ఒరలు ఐదారు, చుట్టూ కంకర.

మీ ఊళ్లో ఇటుక ధర, బస్తా ధర, కూలి రేటు వేసి చూసుకోండి. ఇప్పటి ధరల్లో మెత్తటి నేల మీద ఇంకుడు గుంతతో సహా స్థూలంగా 50 వేల నుంచి 75 వేల రూపాయల మధ్య తేలుతుంది. మేస్త్రి అంతకంటే బాగా తక్కువకే కట్టిస్తానన్నాడంటే పై పట్టికలో ఏదో ఒకటి లేదన్నమాట. సాధారణంగా లేకుండా పోయేవి మూడు: అడుగు కాంక్రీటు, అడ్డుగోడ, ఇంకుడు గుంత. ఈ మూడూ మిగిల్చే డబ్బు పదిహేను ఇరవై వేలే. అయితే శుద్ధి జరిగేది ఈ మూడింటి వల్లే.

కట్టుబడి ఒప్పందం గుత్తకు మాట్లాడుకుంటే ఈ అంశాలన్నీ కాగితం మీద రాయించుకోండి. 'సెప్టిక్ ట్యాంకు ఒకటి' అన్న ఒక్క ముక్కతో ఒప్పందం ముగిస్తే తరవాత అడగడానికి ఏమీ ఉండదు.

నేల చెప్పే ధర

ఒకే ట్యాంకుకు రెండు ఊళ్లలో రెండు ధరలు పలకడానికి అసలు కారణం నేల.

తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల నాలుగైదడుగులకే రాయి తగులుతుంది. అక్కడ జేసీబీ ఆగిపోతుంది, బ్రేకర్ రావాలి. తవ్వకం ఖర్చే మూడు నాలుగు రెట్లవుతుంది. ఇలాంటి చోట లోతు తగ్గించి పొడవు పెంచుకుంటే డబ్బు మిగులుతుంది. అయితే రాతినేలకు మరో గుణం ఉంది. రాయిలో నీరు ఇంకదు, పగుళ్ల వెంట పరుగెడుతుంది. మట్టి చేయాల్సిన వడపోత అక్కడ జరగదు. బోర్లకు నీరు వచ్చేదీ ఆ పగుళ్ల నుంచే.

నల్లరేగడిలో సమస్య వేరు. అది నీటిని పట్టుకుంటుంది, వదలదు. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో బీటలు వారుతుంది. గోడ మీద ఒత్తిడి పడి ఇటుక కట్టుబడి పగలొచ్చు. ఇక్కడ ఇంకుడు గుంత పెద్దదిగా ఉండాలి, దాని చుట్టూ కంకర, ఇసుక బాగా నింపాలి. గోడలకు ఆర్‌సీసీ వాడితే ఖర్చు పెరుగుతుంది కానీ పగుళ్ల బెడద తగ్గుతుంది.

కోనసీమ, కృష్ణా డెల్టా, తీరప్రాంత గ్రామాల్లో రెండు మూడడుగులకే నీళ్లు ఊరతాయి. భూమిలో నీటిమట్టం అంత పైన ఉంటే మామూలు ఇంకుడు గుంత పనికిరాదు. మురుగు నేరుగా ఊటనీటిలో కలుస్తుంది. ఇలాంటి చోట ట్యాంకును కొంత నేల మీదికి లేపి, ఆర్‌సీసీతో కట్టి, బయటికొచ్చే నీటిని కంకర నింపిన వడపోత గదిలో కిందినుంచి పైకి పారించాలి. రెడీమేడ్ ప్లాస్టిక్ ట్యాంకు పెట్టేవాళ్లు దాన్ని అడుగున కాంక్రీటు దిమ్మకు బిగించాలి. లేకపోతే వానాకాలంలో ఖాళీ చేయించినప్పుడు కింది నీళ్లు దాన్ని అమాంతం పైకి లేపేస్తాయి. పైపులు విరుగుతాయి, ఖర్చు మొదటికొస్తుంది.

ఎర్రనేల, ఇసుక కలిసిన నేల ఉన్నవాళ్లు అదృష్టవంతులు. తవ్వకం సులువు, నీరూ బాగా ఇంకుతుంది. అయినా గుంత తవ్వకముందు ఒక చిన్న పరీక్ష చేయించండి. ఇంకుడు గుంత అనుకున్న చోట అడుగు వెడల్పు గొయ్యి తీసి, ముందు రోజు నీళ్లతో నానబెట్టి, మర్నాడు మళ్లీ నీళ్లు పోసి ఎంతసేపటికి అంగుళం ఇంకుతుందో చూడండి. నిమిషాల్లో ఇంకితే మంచి నేల. గంట గడిచినా కదలకపోతే ఇంకుడు గుంత గురించి మళ్లీ ఆలోచించాల్సిందే. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

బోరుకు, గుంతకు మధ్య 60 అడుగులు

ప్రమాణం ప్రకారం తాగునీటి బావికి, ఇంకుడు గుంతకు మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి. అంటే దాదాపు 60 అడుగులు. మన పట్టణాల్లో మధ్యతరగతి కొనే 200 గజాల స్థలం సాధారణంగా 30 x 60 అడుగులు. స్థలం మొత్తం పొడవే ఆ దూరం! ఇక ఆ చివర బోరు, ఈ చివర గుంత పెట్టుకున్నా, వెనకింటివాళ్ల గుంత మన బోరుకు పదడుగుల్లో ఉండొచ్చు.

స్థలం నిర్ణయించేటప్పుడు చాలామంది ముందు వాస్తు చూస్తారు. ఈశాన్యంలో బోరు, సంపు. వాయవ్యం వైపు ట్యాంకు అన్నది తరచుగా వినిపించే సలహా. ఉత్తరం ముఖంగా 30 అడుగుల వెడల్పున్న స్థలంలో ఈ రెండు మూలల మధ్య దూరం 30 అడుగులే. వాస్తు పాటించేవాళ్లు పాటించండి. దాంతోపాటు టేపు కూడా పట్టి కొలవండి. వాయవ్యంలోనే ట్యాంకు ఉంచి ఇంకుడు గుంతను మరింత వెనక్కి జరిపే అవకాశం చాలా స్థలాల్లో ఉంటుంది. కొలతలో అసలు లెక్కకొచ్చేది ఇంకుడు గుంతే. ట్యాంకు నీళ్లు కారకుండా కట్టి ఉంటే అది బోరుకు కాస్త దగ్గరగా ఉన్నా అంత ప్రమాదం లేదు. ఇంటి పునాదికి, ఇంకుడు గుంతకు మధ్య కూడా 6 మీటర్ల దూరం ఉండాలంటుంది ప్రమాణం.

చిన్న స్థలాల్లో దూరం ఎలాగూ చాలదు. అప్పుడు మిగిలిన దారులు రెండు. ట్యాంకును నీరు చుక్క కారకుండా కట్టడం ఒకటి, ఆ బోరు నీటిని తాగడానికి వాడకపోవడం రెండోది. కనీసం ఏడాదికోసారి, వానలు పడ్డాక, బోరు నీటిలో కోలిఫాం బ్యాక్టీరియా, నైట్రేట్ ఉన్నాయేమో పరీక్ష చేయించాలి. ఇంట్లో పసిపిల్లలుంటే నైట్రేట్ పరీక్ష మరీ ముఖ్యం. ఆ పరీక్ష ఫీజు కూడా సెప్టిక్ ట్యాంకు ఖర్చులో భాగమే.

కాలనీలో అందరూ కలిసి ఆలోచిస్తే దీనికి మరో మార్గం ఉంది. కొత్త వెంచర్‌లో ఇళ్లు లేవకముందే బోర్లన్నీ ఒక వరసలో, గుంతలన్నీ మరో వరసలో వచ్చేలా మాట్లాడుకుంటే ఎవరికీ అదనపు ఖర్చు పడదు. ఇళ్లు లేచాక ఈ పని ఎంత డబ్బు పెట్టినా కాదు.

పల్లెలకు రెండు గుంతల పద్ధతి

పల్లెలో స్థలం ఉండి, భూగర్భజలం లోతుగా ఉంటే సెప్టిక్ ట్యాంకు అక్కర్లేదు. రెండు గుంతల మరుగుదొడ్డి దానికంటే చవక, మేలు కూడా. స్వచ్ఛభారత్ కింద గ్రామీణ కుటుంబానికి 12 వేల రూపాయల ప్రోత్సాహకం ఇచ్చినప్పుడు ఎక్కువగా సూచించిందీ ఈ పద్ధతినే. మొదటి గుంత నిండగానే మలుపు పెట్టె దగ్గర దారి మార్చి రెండోదాన్ని వాడాలి. మొదటిది ఏడాదిన్నర, రెండేళ్లు మూసి ఉంచితే లోపలిదంతా వాసన లేని ఎరువుగా మారుతుంది. బండి పిలవక్కర్లేదు, ట్రిప్పుకు డబ్బు కట్టక్కర్లేదు. అయితే స్నానాల నీళ్లు అందులోకి వదలకూడదు. రెండు గుంతలూ ఒకేసారి వాడితే ఈ పద్ధతికి అర్థమే లేదు. చాలా ఊళ్లలో జరుగుతున్న పొరపాటు ఇదే. రెండు గుంతలూ కట్టారు, రెండింటికీ కలిపి పైపు వేశారు. మలుపు పెట్టెలో ఒక ఇటుక అడ్డం పెడితే సరిపోయే పనికి మళ్లీ గుంతలు తవ్విస్తున్నారు.

పట్టణాల్లో ఇప్పుడు రెడీమేడ్ ట్యాంకులు, బయోడైజెస్టర్లు బాగా అమ్ముతున్నారు. డీఆర్‌డీఓ అభివృద్ధి చేసిన బయోడైజెస్టర్ పరిజ్ఞానం ఆధారంగా తయారైనవీ వాటిలో ఉన్నాయి. స్థలం తక్కువ, పని ఒక్క రోజులో అయిపోతుంది, కారడం ఉండదు. ఇవి నిజమైన లాభాలే. 'జీవితంలో ఖాళీ చేయక్కర్లేదు' అన్న మాటను మాత్రం కాగితం మీద రాసిస్తేనే నమ్మండి. వాటి నుంచి వచ్చే నీటికి కూడా ఇంకుడు గుంత కావాల్సిందే. ట్యాంకులో నెలనెలా వేయమని అమ్మే పొడులు, ద్రవాలు చాలా ఇళ్లకు అవసరం లేదు. సూక్ష్మజీవులు మలంలోనే ఉంటాయి. వాటిని చంపే యాసిడ్, బ్లీచింగ్ అతిగా పోయకుండా ఉంటే చాలు.

మూడేళ్లకోసారి బండి

కట్టిన తరవాత ఖర్చు ఇది. మన పట్టణాల్లో సెప్టిక్ ట్యాంకు బండి ట్రిప్పుకు సాధారణంగా 1,500 నుంచి 4,000 రూపాయల మధ్య తీసుకుంటుంది. బండి సైజు, దూరం, పైపు పొడవును బట్టి మారుతుంది. మూడు వేలు అనుకుని మూడేళ్లకు పంచితే నెలకు 83 రూపాయలు. కేబుల్ బిల్లు కంటే తక్కువ.

ఈ 83 రూపాయలు ఆదా చేయబోతే ఏమవుతుందో వరసగా చూడండి. ఏటా మనిషికి సుమారు 30 నుంచి 40 లీటర్ల మడ్డి పేరుకుంటుంది. ఐదుగురున్న ఇంట్లో మూడేళ్లకు దాదాపు 500 లీటర్లు. సుమారు 1,200 లీటర్ల ట్యాంకులో అది సగానికి దగ్గర. అక్కడి నుంచి మధ్య పొర తగ్గుతూ పోతుంది, తేరుకునే వ్యవధి ఉండదు. మడ్డి నేరుగా ఇంకుడు గుంతలోకి వెళ్లి మట్టిలోని సన్నటి రంధ్రాలను పూడ్చేస్తుంది. పూడిన ఇంకుడు గుంతను శుభ్రం చేయడం అయ్యే పని కాదు, పక్కన కొత్తది తవ్వించాలి. మూడు వేలతో పోయేదానికి పదిహేను ఇరవై వేలు అవుతాయి. ఇంకా ఆలస్యం చేస్తే అడుగునున్న మడ్డి గట్టిపడుతుంది. బండి పంపు దాన్ని లాగలేదు. 'మనిషిని దింపాలండీ' అన్న మాట అప్పుడే వస్తుంది.

అందుకే మడ్డి నిండి ట్యాంకు పొంగేదాకా ఆగొద్దు. తేదీ పెట్టుకుని పిలవండి. ఖాళీ చేసేటప్పుడు అడుగున కొంచెం మడ్డి వదిలేయమనండి, సూక్ష్మజీవులు మళ్లీ పెరగడానికి అది పనికొస్తుంది. నీళ్లతో తళతళలాడేలా కడిగించకండి. అద్దె ఇళ్లలో ఈ ఖర్చు ఎవరిదన్న తగవు తరచూ వస్తుంటుంది. ఇల్లు ఇచ్చేటప్పుడే, ఆఖరిసారి ఖాళీ చేయించిన తేదీతో సహా ఒప్పందంలో రాసుకుంటే ఆ తగవు ఉండదు. పాత ఇల్లు కొనేవాళ్లు కూడా దస్తావేజులతోపాటు ట్యాంకు ఎక్కడుందో, మూత ఎక్కడుందో, ఎప్పుడు తీయించారో అడగాలి.

బండి డ్రైవర్‌ను మరో మాట కూడా అడగండి: 'ఎక్కడ పారబోస్తారు?' చెరువులో, వాగులో, ఊరవతల పొలం గట్టున పారబోస్తే మన ఇంటి రోగం మరో ఊరికి చేరుతుంది. 2017లో కేంద్రం మలవ్యర్థాల నిర్వహణపై జాతీయ విధానం తెచ్చింది. అంతకు ముందే, 2016లో, వరంగల్ మహానగర పాలక సంస్థ ఇందుకు సొంత నిబంధనలు రూపొందించుకుంది. వరంగల్, సిరిసిల్ల, నరసాపురం లాంటి పట్టణాల్లో ఈ మడ్డిని శుద్ధి చేసే కేంద్రాలు వచ్చాయి. మీ మున్సిపాలిటీలో నమోదైన బండినే పిలవండి. దానికి రెండొందలు ఎక్కువైనా ఇవ్వండి. సెప్టిక్ ట్యాంకుల శుభ్రతకు పెట్టిన 14420 హెల్ప్‌లైన్ ఉన్నది కూడా ఇందుకే.

గుంతలోకి మనిషి దిగకూడదు

ఇప్పటివరకు చెప్పినదంతా డబ్బు గురించి. ఈ ఒక్క విషయం డబ్బుది కాదు.

ట్యాంకులో మీథేన్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసనే తెలియదు. వాసన లేదు కదా అని దిగిన మనిషి కొన్ని శ్వాసల్లోనే పడిపోతాడు. అతణ్ని కాపాడబోయి రెండోవాడు, వాళ్లిద్దరి కోసం మూడోవాడు. ఒకే గుంతలో ఒకే ఇంటివాళ్లు ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మనం చదివే ఉంటాం.

2013లో వచ్చిన చట్టం ప్రకారం, రక్షణ ఏర్పాట్లు లేకుండా సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి మనిషిని పెట్టడం నేరం. కాంట్రాక్టరుతో పాటు నేరుగా పెట్టిన ఇంటి యజమాని కూడా దోషే. మొదటిసారి నేరానికి రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 2014లో సుప్రీంకోర్టు ఈ పనిలో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ తీర్పుల వెనక ఎన్నో ఏళ్ల పోరాటం ఉంది. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళన్ ద్వారా ఆ పోరాటానికి జీవితం ధారపోశారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. కొత్తగా కట్టిన, ఇంకా వాడకంలోకి రాని ట్యాంకులోనూ మనుషులు చనిపోతారు. పైస్లాబ్ వేసి వారాల తరబడి మూసి ఉంచాక సెంట్రింగ్ చెక్కలు తీయడానికి దిగుతారు. అడుగున నిలిచిన నీరు, తడిచెక్క కుళ్లి లోపలి ఆక్సిజన్‌ను తినేసి ఉంటాయి. దీనికి విరుగుడు కట్టేటప్పుడే ఉంది. ట్యాంకు మీద పోత స్లాబ్ కాకుండా బయట పోసి ఆరబెట్టిన ఆర్‌సీసీ పలకలు పేర్చితే లోపల సెంట్రింగ్ అవసరమే రాదు. ఖర్చు పెరగదు. ఏళ్ల తరవాత మరమ్మతు వచ్చినా ఒక పలక లేపితే సరిపోతుంది. మేస్త్రితో ఈ ఒక్క మాట ముందే అనుకుంటే ఒక ప్రాణం మిగలొచ్చు.

మేస్త్రికి ముందే చెప్పాల్సినవి

- అడుగున ఆరంగుళాల కాంక్రీటు, లోపల గోడలకు నీళ్లు కారని ప్లాస్టరింగ్ తప్పనిసరి.
- లోపలికి వచ్చే పైపుకన్నా బయటికి పోయే పైపు రెండంగుళాలు కిందికి ఉండాలి. రెండింటికీ 'టీ' బిగించాలి, లేకపోతే పైనున్న తెట్టు బయటికి పోతుంది.
- రెండు గదులకూ రెండు మూతలు. అవి నేలమట్టానికి కనిపించేలా ఉండాలి, పైన టైల్స్ వేయకూడదు. పిల్లలు ఎక్కినా కదలనంత గట్టిగా ఉండాలి.
- గాలి పైపు ఇంటి డాబా కంటే పైకి లేవాలి, కొసకు దోమల జాలీ కట్టాలి.
- ట్యాంకు మీద కారు పెట్టేట్టయితే పైస్లాబ్ మందం, ఇనుము పెంచాలి.
- బండి పైపు వీధి నుంచి మూతదాకా చేరే దారి ఉండాలి.
- మట్టి కప్పకముందు ట్యాంకు నిండా నీళ్లు పోసి ఒక రోజు ఉంచాలి. మట్టం తగ్గితే కారుతున్నట్టే. మేస్త్రికి ఆఖరి డబ్బు ఇవ్వాల్సింది ఈ పరీక్ష అయ్యాకే.
- భూగర్భ డ్రైనేజీ వచ్చాక దానికి కలపడానికి వీలుగా వీధివైపు పైపు దారి వదిలి ఉంచాలి. కలిపిన రోజున పాత ట్యాంకు ఖాళీ చేయించి ఇసుకతో పూడ్చాలి.

ఈ పనులన్నీ కలిపినా ఇంటి మొత్తం ఖర్చులో రెండు మూడు శాతం దాటవు. మనం కట్టేది మన పిల్లల కోసం. ఆ పిల్లలు తాగే నీటిని కాపాడే కట్టడం అదే ఇంట్లో కంటికి కనబడకుండా ఉంటుంది. అందులో మిగిల్చిన ప్రతి రూపాయినీ తరవాత ఎవరో ఒకరు కట్టాల్సి వస్తుంది. కొన్నిసార్లు మన బోరు, కొన్నిసార్లు పొరుగింటివాళ్లు. మరికొన్నిసార్లు మన మాట నమ్మి గుంతలోకి దిగిన మనిషి. ఆఖరి మనిషి కట్టే వెల తిరిగి ఎవరూ ఇవ్వలేరు.

కట్టబోతున్నవాళ్లు ఈ కొలతలు పట్టుకుని మేస్త్రితో కూర్చోండి. ఇప్పటికే కట్టుకున్నవాళ్లు ఈ ఆదివారం ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి మూత ఎక్కడుందో వెతకండి. ఆఖరిసారి ఎప్పుడు తీయించారో గుర్తులేకపోతే మూడేళ్లు దాటినట్టే లెక్క. సోమవారం పొద్దున్నే మున్సిపాలిటీకి ఫోన్ చేసి నమోదైన బండి పిలిపించండి. తేదీ రాసి పెట్టుకోండి.